అరువు స్వరము



మనస్సులో సంతోషము లేనివాడు సంతోష కీర్తన పాడవచ్చునా? ఇది పండితులు కూర్చుండి తర్కించు ప్రశ్నవలె కనబడునుగాని, నిజమునకు ఇది ఆదివారపు ప్రశ్న. పైరు తెగులుచేత పోయినది. అప్పు ఇచ్చినవాడు పత్రము తిరుగ వ్రాయించుకొనెను. లేక పెనిమిటిని సమాధిచేసి ఇంకను నెల దాటలేదు. గుడిగంట మ్రోగగానే పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చాపమీద కూర్చుంటివి. సంఘపెద్ద కీర్తన సంఖ్య చెప్పెను. అది స్తుతి కీర్తన. అందరు లేచిరి, నీవును లేచితివి. ఇప్పుడు నోరు తెరవవలెనా, మూసికొనవలెనా?

మూసికొనువారు కొందరు గలరు. లోపల లేనిదానిని పైకి పలికినయెడల దేవుని యెదుట అబద్ధమాడినట్లగునని వారు భయపడుదురు. ఆ భయము మంచిదే. తేలికగా త్రోసివేయదగినది కాదు. మరికొందరు అందరితో కలిసి పాడుదురుగాని, ఇంటికి పోవు త్రోవలో తమ్మును తామే వేషధారులని నిందించుకొందురు. ఈ యిరువురి నిమిత్తమే నేను వ్రాయుచున్నాను. అందుకై తీసికొన్న దృష్టాంతము మాత్రము కొంచెము వింతైనది. అది దూరదేశపు సినిమాహాళ్లలో ఉండిన ఒక గొప్ప వాద్యము. సినిమా మాట ఈ పత్రికలో ఎందుకని పెద్దలు కొందరు కనుబొమలు ముడువవచ్చును. కొంచెము ఓర్చుకొనవలెను, ఆ వాద్యము పుట్టినది గుడిలోనే.

మన గుళ్లలోని హార్మోనియము నీవెరిగినదే. ఒక చేతితో వెనుకనున్న తిత్తిని ఆడించినయెడల గాలి లోపలికి పోవును; మరియొక చేతితో మెట్టు నొక్కగా ఆ గాలి చిన్న ఇత్తడి నాలుకను కదలించి పలికించును. పైపు ఆర్గను అను వాద్యములో ఆ స్వరము పెద్ద పెద్ద గొట్టములలో పుట్టును. కొన్ని గొట్టములు కొయ్యవి, కొన్ని తగరము సీసము కలిపి పోసిన రేకువి. కొన్ని పిల్లనగ్రోవివలె పెదవితోను, కొన్ని సన్నాయివలె నాలుకతోను పలుకును. అయితే పిల్లనగ్రోవికి రంధ్రములున్నవి, వ్రేళ్లు ఎత్తి దించి ఒక్క వెదురులోనుండియే ఏడు స్వరములు తీయవచ్చును; ఆర్గను గొట్టమునకు ఆ వీలు లేదు. ఒక గొట్టము పుట్టినది మొదలు పోవువరకు ఒక్క స్వరమే పలుకును. అందుచేత ఒక విధమైన ధ్వనికి ఒక వరుస గొట్టములు కావలెను. వరుసకు 61 గాని, 73 గాని, అంతకు మించి గాని యుండును. వాటిలో అతి పెద్దది 16 అడుగుల పొడవున్నను, అతి చిన్నది పెన్సిలుకంటె పెద్దది కాకపోవచ్చును. వీటిలో దేనికిని సొంత ఊపిరి లేదు. క్రిందినుండి గాలి వచ్చునంతవరకు అవి ఊరక నిలిచియుండు గొట్టములే.

ఇంగ్లాండులో రాబర్ట్ హోప్-జోన్స్ (1859–1914) అను ఆయన టెలిఫోను కంపెనీలో విద్యుత్తు పని చూచుచు, బర్కెన్‌హెడ్ పట్టణమందలి సెయింట్ జాన్ దేవాలయములో ఆర్గను వాయించుచుండెను. పూర్వపు ఆర్గనులలో మెట్టుకును గొట్టము అడుగునున్న మూతకును నడుమ సన్నని కర్రలు ఉండెడివి. కాబట్టి వాయించువాడు గొట్టములకు దగ్గరనే కూర్చుండవలెను. హోప్-జోన్స్ తన టెలిఫోను పనిలో నేర్చినదానిని గుడికి తెచ్చెను. మెట్టు నొక్కగానే తీగవెంట కొద్దిపాటి విద్యుత్తు పోవును. గొట్టము క్రింద చిన్న అయస్కాంతము కదలును. చిన్న తోలుతిత్తిలోని గాలి వెలుపలికి పోవును. తిత్తి ముడుచుకొనగా మూత తెరచుకొని గొట్టము పలుకును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. పాటబృందములోని యౌవనులు, బాలురు సాయంకాలమందు ఈ పనిలో ఆయనకు తోడ్పడిరి. తీగ ఎంత పొడవైనను ఉండవచ్చును గనుక, వాయించు బల్లను గుడి వెలుపల సమాధుల నడుమకు మోసికొనిపోయి, అక్కడనుండి లోపలి గొట్టములను పలికించిరని చెప్పుదురు.

1903లో ఆయన అమెరికాకు పోయెను. 1910లో ఆయన స్థాపించిన కర్మాగారమును, ఆయన కనిపెట్టిన పద్ధతులను వుర్లిట్జర్ అను వాద్యముల కంపెనీ తీసికొనెను. ఆ కాలమున సినిమాకు మాట రాలేదు. తెరమీద మనుష్యులు ఏడ్చుదురు, గుఱ్ఱములు పరుగెత్తును, ఓడలు మునుగును. శబ్దము మాత్రము లేదు. మన దేశమున మూగచిత్రముల దినములలో తెర దగ్గర హార్మోనియము, తబలా వాయించువారు కూర్చుండెడివారు. అమెరికాలోని పెద్ద హాళ్లలో వాద్యబృందములు ఉండెడివి. అంతమందికి జీతములిచ్చుటకంటె, ఒక్కడు కూర్చుండి అన్ని వాద్యములను పలికించు ఆర్గను ఒకటి కొనుట మేలని యజమానులు తలంచిరి. 1943 వరకు ఆ కంపెనీ 2,200కు పైగా ఆర్గనులను చేసెను. న్యూయార్కు నగరమందలి రేడియో సిటీ మ్యూజిక్ హాలులో 1932లో నిలిపినదానికి 58 వరుసలలో 4,410 గొట్టములు గలవు. అది నేటికిని పలుకుచున్నది.

ఇప్పుడు దాని స్వరములను గూర్చి వినుము. గొట్టములు రంగస్థలమునకు ఇరువైపుల గదులలో దాగియుండును. గది ముందు తలుపురెక్కల వరుస. కాలితో ఒక పలకను అదిమినయెడల రెక్కలు విచ్చుకొని ధ్వని పెద్దదగును, వెనుకకు వంచినయెడల మూసికొని దూరమునుండి వచ్చినట్లు సన్నగిలును. వాయించు బల్ల గుఱ్ఱపు లాడమువలె వంగి, రంగురంగుల మీటలతో నిండియుండును. ఒక మీట దించితే వయొలినులవలె పలుకు గొట్టములు, మరియొకటి దించితే బాకా. ఇంకొకదాని పేరు వాక్స్ హ్యుమానా. లాటిను భాషలో దానికి మనుష్య స్వరమని అర్థము. పొట్టి గొట్టములు, నాలుకతో పలుకునవి. దానిని ఒంటరిగా పలికించినయెడల మనుష్యుని కంఠముకంటె మేక అరుపే జ్ఞాపకమునకు వచ్చును. టిబియా అను మూతవేసిన కొయ్యగొట్టముల మెత్తని స్వరముతో కలిపి, గాలిని వణికించు పరికరమును కూడ తిప్పినప్పుడు, దూరమున ఎవరో దుఃఖము మింగుకొని పాడుచున్నట్లుండును.

గొట్టములతో సరిపోలేదు. డోళ్లు, తాళములు, గంటలు, మువ్వలు నిజమైనవే గదిలో అమర్చి, గాలిచేతను విద్యుత్తుచేతను కొట్టించిరి. వాటితోకూడ చమత్కారపు శబ్దముల పెట్టె ఒకటి. వాయించువారు దానికి బొమ్మల అంగడియని ముద్దుపేరు పెట్టిరి. పక్షి కూయవలెనన్న, ఒక చిన్న గొట్టమును నీళ్ల గిన్నెలోనికి తలక్రిందుగా పెట్టి ఊదించుదురు. బుడగలతో కలిసి స్వరము కిలకిలలాడును. గుఱ్ఱపు డెక్కలకు కొబ్బరి చిప్పలవంటి బోలు చెక్కలు తట్టబడును. రైలు కూతకు రెండు మూడు గొట్టములు ఒక్కసారి అరచును. ఇంకను మోటారు హారను, అగ్నిమాపక బండి గంట, వాకిటి గంట, సముద్రపు హోరు. ఉరుముకు డోలు. వాయించువాడు తెరమీద కన్నుంచి, తల్లి బిడ్డను పోగొట్టుకొన్నచోట మనుష్య స్వరపు మీట దించవలెను, దొంగ పారిపోవుచోట డోలు మ్రోగించవలెను. అతని మనస్సులో ఆ గడియ ఇంటి అద్దె గూర్చిన చింత ఉండియుండవచ్చును. అయినను మీట దించగానే గొట్టము ఏడ్చును, హాలంతయు కన్నీరు తుడుచుకొనును.

చదువరీ, ఆ వాయించువాడు అబద్ధికుడా?

నేను కాదందును. ఆ హాలులో సముద్రపు హోరు విని ఎవరును లేచి పరుగెత్తలేదు. గుఱ్ఱము లేదనియు, పక్షి లేదనియు, గొట్టము వెనుక ఏడ్చు స్త్రీ లేదనియు ప్రతివాడెరుగును. డబ్బులిచ్చి టిక్కెట్టు కొన్నప్పుడే ఆ ఒప్పందము జరిగినది. మన ఊళ్లలో వీధిభాగవతము ఆడునప్పుడు హరిశ్చంద్రుని వేషము కట్టినవాడు కాటిలో ఏడ్చును. అతని కొమారుడు నిజముగా చచ్చెనని ఎవరును పరామర్శకు పోరు. స్వరమును అరువు తెచ్చుకొనుటలో పాపము లేదు. అరువని దాచి, సొంతమని నమ్మించి, దానిమీద లాభము పొందుటలో పాపమున్నది.

వేషధారి అను మాటనే చూడుము. మన తెలుగు బైబిలులో ప్రభువు పరిసయ్యులను గద్దించునప్పుడు వచ్చు మాట అది. వేషము ధరించినవాడు, అనగా నాటకమాడువాడు. సువార్తలలోని గ్రీకు మాటకును అంతే. రంగస్థలముమీద పాత్రధారియైన నటునికే అది మొదట పేరు. అయితే ప్రభువు అక్కడ రంగస్థలముమీది నటుని గద్దింపలేదు. టిక్కెట్టు లేకుండ, తెర లేకుండ, ఇది నాటకమని చెప్పకుండ, వీధి మూలలకును సమాజమందిరములకును నాటకమును తెచ్చినవారిని గద్దించెను. ధర్మము చేయునప్పుడు తమ ముందర బాకా ఊదించుకొనువారని ఆయన చెప్పినది జ్ఞాపకము చేసికొనుము. అదియు బొమ్మల అంగడిలోని శబ్దమే. ఆ బాకా బీదవానికొరకు కాదు, ఇచ్చువాని పేరుకొరకు.

యాకోబు కథ ఇంకను స్పష్టమైనది. మేకపిల్లల చర్మములు చేతులకు చుట్టుకొని, అన్న బట్టలు కట్టుకొని, గ్రుడ్డితండ్రి యొద్దకు పోయెను. ముసలివాడు స్వరము విని సందేహించెను. చేతులు తడవి మోసపోయెను. ఆ వేషముతో ఆశీర్వాదము తీసికొనెను, ఆ అబద్ధము వలన ఇరువది సంవత్సరములు పరదేశమున నుండెను. పిమ్మట తన కొమారులే మేకరక్తములో ముంచిన అంగీని తెచ్చి చూపగా తానును మోసపోయెను. తండ్రి ఎరుగకుండ, తండ్రికి నష్టముగా, తన లాభముకొరకు అనుకరించెను. ఈ మూడును కలిసినచోట అనుకరణ అబద్ధమగును.

సువార్తలో గొట్టములు ఊదువారు ఉన్న యిల్లు ఒకటి కలదు. యాయీరు కుమార్తె చనిపోయినప్పుడు ప్రభువు ఆ యింటికి వచ్చునప్పటికి పిల్లనగ్రోవులు ఊదువారు, గోలచేయుచున్న జనులు చేరియుండిరి. ఆ దేశమున చావు ఇంటికి అట్టివారిని పిలుచుట వాడుక. చిన్నది చనిపోలేదు, నిద్రించుచున్నదని ప్రభువు చెప్పగానే వారు ఏమిచేసిరి? ఆయనను అపహసించిరి. ఒక్క నిమిషములో ఏడుపునుండి నవ్వునకు తిరిగిరి! మీట ఒకటి ఎత్తి ఇంకొకటి దించినట్లు. ప్రభువు వారిని బయటికి పంపివేసి, తండ్రిని తల్లిని, తనతోకూడ ఉన్నవారిని లోపలికి తీసికొనిపోయెను.

ఇంతవరకు చదివి, అట్లయితే సంతోషము లేక సంతోష కీర్తన పాడినవాడు ఆ ఊదువారివంటివాడే గదాయని నీవనవచ్చును. కాదు. మన పల్లెలలోని చావు ఇంటినే చూడుము. పొరుగు స్త్రీలు వచ్చి పోయినవాని గుణములెత్తి రాగముతో ఏడ్చుదురు. వారిలో ఊరకనే గొంతు కలుపువారు లేకపోలేదు. కాని తెల్లవారినది మొదలు ఒక్క చుక్క కన్నీరు రాక, గోడకు చేరగిలబడి కొయ్యవలె కూర్చున్న విధవరాలు, ఆ అరువు ఏడుపు విని ఒక్కసారి గుండె కరిగి ఏడ్చుటయు, ఆ యేడ్పుతో ఊపిరి తిరుగుటయు నీవు చూచియుందువు. స్వరము కొన్నిసార్లు హృదయమునకు ముందుగా నడచి దానికి త్రోవ తీయును. కొన్నిసార్లు హృదయము స్థానములో తానే కూర్చుండి తలుపు వేసికొనును. పైకి రెండును ఒకే శబ్దము.

ఆదివారపు కీర్తనలో ఇంకొక సంగతి యున్నది. నీవు పాడుచున్నది నీ మనస్సు సమాచారము కాదు. దేవుడు మంచివాడు, ఆయన కృప నిలుచును అని సంఘము చెప్పుచున్నది. పైరు పోయిన దినమున అది అబద్ధమా? నిన్న నిజమైనది నేడును నిజమే. నీకు నేడు అది కనబడుట లేదు, అంతే. సాక్షి తనకు సంతోషముగా ఉన్నదని చెప్పనక్కరలేదు, తానెరిగినది చెప్పిన చాలును. కాబట్టి నీ కంఠమును ఆ మాటకు అరువిమ్ము. వాక్స్ హ్యుమానా ఒంటరిగా మేకవలె అరచును. తక్కిన గొట్టములతో కలిసినప్పుడే దానికి మాధుర్యము. నీ ప్రక్క చాపమీద కూర్చున్న స్త్రీకి నేడు నీకంటె పెద్ద కష్టము ఉన్నదేమో; నీ గొంతు ఆనుకొని ఆమె గొంతు ఎత్తును.

అయితే నా హృదయము ఉప్పొంగుచున్నదని, నా కన్నీరు తుడువబడినదని మనలను గూర్చియే చెప్పు చరణములును కీర్తనలలో లేకపోలేదు. వాటి మాట ఏమి? వాటిని ప్రార్థనగా పాడవచ్చును, ప్రభువా అట్లు చేయుమని. అది కూడ చేతకానప్పుడు ఆ చరణము విడిచిపెట్టి ఊరక నిలుచుండుము, ఎవరును లెక్కపెట్టరు. ఇక్కడ పాట ఎత్తువారితో నాకొక ఫిర్యాదు గలదు. దావీదు కీర్తనల గ్రంథములో మొరలు, విలాపములు ఎన్నియో యున్నవి. మనము మాత్రము వారము వారము సంబరపు పాటలనే ఏరుకొనుచున్నాము. ఏడ్చువాడు తన పాట వినకయే సంవత్సరమంతయు గుడికి వచ్చి పోవుచున్నాడు. నెలకొకసారియైనను ఆ మొరలలో ఒకటి పాడించినయెడల, నోరు మూసికొనువారు కొందరు నోరు తెరతురు.

అరువు స్వరము ఎంత మేలు చేయగలదో చూపుటకు హోప్-జోన్స్ పనిలోనే ఒక నిదర్శనమున్నది. అతి మంద్రస్వరముకొరకు ఆయన డయాఫోను అను క్రొత్త విధమైన గొట్టమును కనిపెట్టెను. 1896లో ఉస్టర్ పట్టణపు ప్రధాన దేవాలయములోని ఆర్గనులో దానిని పెట్టెను. పిమ్మట అది సినిమాహాళ్ల ఆర్గనులకు పోయి నేల అదురునట్లు పలికెను. 1903 ప్రాంతమున కెనడాలోని టొరంటో నగరపు నార్తీ అను ఆయన, దానిని ఒత్తిడి గాలితో పలుకునట్లు మార్చి, సముద్రతీరమున మంచు కమ్మినప్పుడు ఓడలను హెచ్చరించు కొమ్ముగా చేసెను. మైళ్ల దూరము వినబడు కొమ్ము అది. ఇప్పుడు చాలమట్టుకు వేరు యంత్రములు వాటి స్థానమునకు వచ్చెనుగాని, అనేక సంవత్సరములు నావికులు ఆ స్వరము విని రాళ్లనుండి తప్పుకొనిరి. ఆ గొట్టమునకు భయము తెలియదు, జాలి తెలియదు. మంచులో దారి తప్పినవానికి కావలసినది దాని మనోభావము కాదు, రాళ్లు ఎక్కడ ఉన్నవో చెప్పు శబ్దము.

ఇక రెండవవైపు. దీనిని గూర్చి కొంచెము కఠినముగానే వ్రాయవలసియున్నది. నేడు మన పల్లె గుళ్లలో హార్మోనియము మూలకు చేరి, కీబోర్డు వచ్చినది. అందులో ఒక మీట నొక్కితే వేణువు, ఒకటి నొక్కితే వయొలినులు, ఒకటి నొక్కితే మనుష్యుల కంఠములు. డోళ్లు వాటియంతట అవే మ్రోగును. ఇది ఆ సినిమా ఆర్గనుకు మనుమరాలని చెప్పవచ్చును. నేను దానిని దూషించుట లేదు. 1927లో ద జాజ్ సింగర్ అను చిత్రముతో సినిమాకు మాట వచ్చిన తరువాత, ఆర్గను వాయించువారు అనేకులు పని పోగొట్టుకొనిరి. అప్పుడు ఆ ఆర్గనులలో కొన్ని గుళ్లకు అమ్ముడుపోయి, నిన్న నాయికకొరకు ఏడ్చిన గొట్టములే నేడు దేవుని కీర్తన పలికినవి. గొట్టము మారలేదు. వాయిద్యము ఎక్కడనుండి వచ్చెనన్నది పెద్ద ప్రశ్న కాదు.

ప్రశ్న ఏమనగా, ప్రసంగము ముగియుచుండగా, దైవజనుడు గొంతు తగ్గించగానే, వెనుకనుండి వణుకు వయొలినులు మెల్లగా లేచును. పాపము ఒప్పుకొనువారు ముందుకు రండని పిలుచుచున్నప్పుడు అవి ఇంకను పెద్దవగును. మైకుకు ప్రతిధ్వని పెట్టుదురు. జనులు ఏడ్చుదురు. ఏడ్చినవారిలో ఎందరు వాక్యమునకు ఏడ్చిరి, ఎందరు వయొలినులకు ఏడ్చిరి? వారికే తెలియదు. సినిమాహాలులో ప్రజలు ఆ శబ్దము చేయబడినదని ఎరిగియే ఏడ్చిరి. ఇక్కడ ఆ సంగతి ఎవరును చెప్పలేదు. దానిని ఆత్మ క్రియయనియే వారు తలంచుచున్నారు. మూడవ దినమున ఆ కదలిక చల్లారగా, దేవుడే తమ్మును విడిచెనని క్రుంగిపోవుచున్నారు. ఇది చిన్న నష్టము కాదు. ప్రవక్తయైన ఏలీయా యెదుట పెనుగాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని రగిలెను. వాటిలో యెహోవా లేడని అక్కడ వ్రాయబడినది. తరువాత వచ్చిన సన్నని స్వరముతోనే ఆయన మాటలాడెను. ఆ సన్నని స్వరమునకు మన ఆరాధనలో ఒక నిమిషమైనను చోటు ఉండవలెను గదా.

శబ్దమును బట్టి తీర్పు తీర్చుట ఎంత పొరపాటో యాజకుడైన ఏలీ వలన తెలియును. షిలోహులో హన్నా ప్రార్థించుచుండగా పెదవులు మాత్రము కదలెను, స్వరము వినబడలేదు. మూగచిత్రములోని మనిషివలె ఉండెను. ఆమె త్రాగియున్నదని ఏలీ తలంచెను. అనుభవముగల యాజకుడే శబ్దము లేనిదే ప్రార్థన లేదనుకొనెను. మన కూటములలో గట్టిగా ఏడ్వని స్త్రీని చూచి ఆత్మ లేదని గొణుగువారు ఈ అధ్యాయమును నిదానముగా చదువవలెను.

హోప్-జోన్స్ గురించి ఒక మాట విడిచిపెట్టితిని. అమెరికాలో ఆయనకు కంపెనీతో పొసగలేదు. తన పనినుండి దూరపరచబడి, 1914లో రోచెస్టర్ పట్టణమున తన ప్రాణమును తానే తీసికొనెను. ఆయనను తీర్పుతీర్చుటకు మనమెవరము? ఏడ్చు గొట్టములను, మూలుగు గొట్టములను ఎన్నిటినో పలికించిన ఆ మనిషి సొంత మూలుగు దగ్గరివారికి కూడ వినబడలేదేమో. నీ గుడిలోను బాగుగా పాడువాడు ఒకడుండును, అతనికేమి కొదువయని అందరును అనుకొందురు. ఆరాధన ముగిసి చాపలు చుట్టుచుండగా అతని ప్రక్కను కూర్చుండి, ఎట్లున్నావు నాయనాయని అడిగినవారుండరు. మాటలకు అందని మూలుగులను దేవుడు ఎరుగునని అపొస్తలుడు రోమీయులకు వ్రాసెను. అయినను ఒక మనుష్యునికి వినబడుట కూడ మంచిదే.

కీబోర్డు వాయించు తమ్ముడా, నీవు ఈ పత్రిక చదువుచున్నయెడల ఒక సంగతి నీతో చెప్పవలెను. నీ పని చిన్నది కాదు, నీమీద నాకు కోపమును లేదు. ప్రార్థన మొదలైనప్పుడు చేతులు మెట్లమీదనుండి తీసివేయుము. పాస్టరుగారు సైగచేసినయెడల, సంఘమునకు మాటలు తెలిసిన కీర్తన వరుస వాయింపుము. మాటలు తెలిసినచోట మనస్సు దేనిని పట్టుకొనవలెనో ఎరుగును. వణుకు మీటను కట్టివేయుము. ఆమెన్ అయిన తరువాత తదుపరి పాటను, వెనుక వరుసలోని ముసలమ్మలు అందుకొనగల శ్రుతిలో ఎత్తుము.